వేంపల్లె రాయి, సముద్రపు పగడం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో కుజదోషం పోవడానికని ఉంగరంలో పొదిగి ఇచ్చే ఎర్ర పగడం ఒకప్పుడు ప్రాణమున్న జంతువు కట్టుకున్న సున్నపు కట్టడం. 'ఇటాలియన్ పగడం' అని అంగడివాళ్లు గొప్పగా చెప్పే రకం మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా సోకని రాతి గుహల్లో పెరుగుతుంది. శాస్త్రీయనామం కొరాలియం రూబ్రమ్. దాని పాలిప్ ఒక్కోదానికి ఎనిమిదేసి స్పర్శకాలుంటాయి. ఇది దిబ్బలు కట్టదు. లక్షదీవులనూ, ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌నూ కట్టింది ఇదేననుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ పని చేసేవి దీని దూరపు చుట్టాలైన రాతి పగడాలు. వాటి స్పర్శకాలు ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు, ఇలా ఆరు లెక్కన ఉంటాయి. ఈ వర్గానికి స్క్లెరాక్టీనియా అని పేరు. వాటి అస్థిపంజరం అరగొనైట్, ఉంగరపు పగడానిది కాల్సైట్. రసాయన సూత్రం రెంటికీ కాల్షియం కార్బొనేటే, స్ఫటికంలో అమరికే వేరు. ఈ రెండు వంశాలూ విడిపోయి యాభై కోట్ల ఏళ్లకు పైమాటే.

కడప జిల్లాకు సముద్రం లేదు. ఆ మాటకొస్తే, విశాఖ చుట్టుపక్కల నీటి అడుగు రాళ్ల మీద అక్కడక్కడ కనిపించే రాతి పగడాలను పక్కన పెడితే, మన తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు కూడా లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రూ మంచినీళ్లూ వాటికి గిట్టవు. దేశంలో పగడపు దిబ్బలు చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్‌కో, లక్షదీవులకో, అండమాన్ నికోబార్‌కో పోవాలి. అయినా పగడాల వంశచరిత్రను నేను ఈ జిల్లాలోని కొండాపురం దగ్గరే మొదలుపెడుతున్నాను. పగడాలు లేని కాలంలో సముద్రంలో దిబ్బలు కట్టినవాళ్ల పని ఇక్కడ కళ్లారా చూడవచ్చు. పైగా ఆ పాత మేస్త్రీల వారసులు నేటి పగడం కడుపులోనే కాపురం ఉంటున్నారు.

జమ్మలమడుగు ప్రాంతంలో ఇళ్లకు పరిచే బండలూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రాయీ నార్జి సున్నపురాయే. సున్నపురాయి అనగానే గవ్వలు, నత్తగుల్లలు, పగడాలు గుర్తుకొస్తాయి. ఇక్కడి గనుల్లో మాత్రం ఎంత వెతికినా గవ్వ దొరకదు. ఈ బురద సముద్రం అడుగున పేరుకున్నప్పటికి గవ్వలు తొడుక్కునే జంతువుల కాలం ఇంకా రాలేదు. మరి కొండాపురం కింద ఉన్నది దీనికన్నా చాలా పాతది.

కొండాపురం ముంబై–చెన్నై రైలుమార్గంలో తాడిపత్రికీ ముద్దనూరుకూ మధ్య ఉంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా పులివెందుల వైపు నడిచేకొద్దీ కాళ్ల కింద రాయి వయసు పెరుగుతూ పోతుంది. పొరలన్నీ ఈశాన్యానికి కాస్త వాలి ఉండటమే దీనికి కారణం. పైన గండికోట క్వార్ట్‌జైట్, అంటే పెన్న కోసుకుంటూ పోయిన ఆ ఎర్రటి లోయ గోడలు. దాని కింద తాడిపత్రి పొరలు: షేలు, మధ్యమధ్య డోలమైట్, వాటి నడుమ దూరి గట్టిపడిన నల్లటి డోలరైట్. ఇంకా కింద పులివెందుల క్వార్ట్‌జైట్. దానికీ కింద వేంపల్లె డోలమైట్. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద జియొలాజికల్ సర్వే తరఫున పెద్ద గ్రంథం వెలువరించాడు. భూగర్భశాస్త్రంలో మన ఊళ్ల పేర్లు స్థిరపడటం అప్పుడే మొదలైంది. ప్రపంచంలో ఎక్కడ చదివే విద్యార్థి అయినా ఈ పొరలను వేంపల్లె, తాడిపత్రి, గండికోట అనే పిలవాలి.

వయసు సంగతి ఇలా తేలింది. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి దూరిన డోలరైట్‌లో బాడెలైట్ అనే ఖనిజం సన్నటి గింజలుగా దొరుకుతుంది. అందులోని యురేనియం కాలక్రమంలో సీసంగా మారుతుంది. ఆ రెంటి పాళ్లు కొలిచి ఆ డోలరైట్ వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లని 2008లో ప్రకటించారు. దూరినదానికన్నా దూరనిచ్చినది పెద్దదై ఉండాలి కదా. ఆ లెక్కన తాడిపత్రి పొరలు ఇంకా పాతవి, వాటి కింది వేంపల్లె డోలమైట్ మరీ పాతది. గండికోట జలాశయం నింపినప్పుడు ఇళ్లు వదిలి వచ్చిన కొండాపురం మండలం ఊళ్లవాళ్లకు, నీళ్లు నేలను మింగడం అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. వేంపల్లె రాయి పేరుకున్ననాడు ఈ నేలను ముంచిన సముద్రం మాత్రం లోతైనది కాదు. అడుగు దాకా ఎండ పడే తేట నీళ్లవి.

వేంపల్లె డోలమైట్‌ను గుర్తుపట్టడం తేలికే. ఎండకూ వానకూ అరిగిన పైముఖం ఏనుగు తోలులా అడ్డదిడ్డంగా గీతలు పడి ఉంటుంది. సీసాలో పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకుపోతే ఇంకా మంచిది. నార్జి బండ మీద ఒక చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. వేంపల్లె రాయి మీద వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. మొలతో గీకి, ఆ పొడి మీద వేస్తే అప్పుడు సన్నగా బుడగలు వస్తాయి. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉండటమే ఈ తేడాకు మూలం.

రాయి నిలువుగా పగిలిన చోట వంగి చూడండి. మిల్లీమీటరు మందం కూడా లేని పొరలు, ఒకటి లేతరంగు, ఒకటి ముదురురంగు, వందల కొద్దీ కనిపిస్తాయి. అవి చదునుగా ఉండవు, పైకి ఉబ్బి ఉంటాయి. ఒక ఉబ్బు మీద ఇంకో ఉబ్బు, దాని మీద మరొకటి, ఇలా పేరుకుని కంబాలుగా లేచి ఉంటాయి. కొన్ని బొటనవేలంత, కొన్ని మనిషి తలకన్నా పెద్దవి. రెండు కంబాల మధ్య సందులో విరిగిన ముక్కలు, ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. అలల దెబ్బకు విరిగినవి అవి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. భూమి మీద జీవులు కట్టిన మొదటి దిబ్బలు ఈ రకానివే.

వీటిని కట్టినవి ప్రధానంగా సయనోబాక్టీరియా. కంటికి కనపడని కణాలు దారాలు దారాలుగా అల్లుకుని, జిగురు స్రవించి, నీటి అడుగున చాపలా పరుచుకుంటాయి. ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిగినంతసేపూ నీళ్లలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను లాగేసుకుంటాయి. దాంతో చుట్టూ ఉన్న నీటి ఆమ్లత్వం తగ్గి, కాల్షియం కార్బొనేటు అక్కడికక్కడే గడ్డకడుతుంది. నీళ్లలో తేలివచ్చే ధూళి కూడా జిగురుకు అంటుకుంటుంది. చాప కప్పుబడిపోతే కణాలు వెలుగు కోసం పైకి పాకి మళ్లీ కొత్త చాప అల్లుతాయి. ఒక్కో పొర అలా కప్పుబడిన ఒక చాప. ఇందులో అస్థిపంజరం కట్టే జన్యువంటూ ఏదీ లేదు. ఆనాటి సముద్రం కార్బొనేటుతో నిండి ఉండేది, కాస్త కదిలిస్తే చాలు సున్నం దిగేది. దిబ్బ అనేది వాటి బతుకులో మిగిలిన పిప్పి మాత్రమే. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో, ఉప్పు మరీ ఎక్కువై మేసే నత్తలు బతకలేని నీళ్లలో, ఇవి నేటికీ పెరుగుతున్నాయి. ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు.

తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ కథలోదే. వేముల మండలంలో తవ్వుతున్న ఆ ఖనిజం ఉన్నది ఇదే వేంపల్లె డోలమైట్‌లో, ఫాస్ఫేట్ కలిసిన పొరలో, స్ట్రోమటోలైట్ల సహవాసంలో. యురేనియం నీటిలో కరిగి నదుల వెంట సముద్రానికి చేరాలంటే గాలిలో ఆక్సిజన్ ఉండాలి. ఆ ఆక్సిజన్‌ను గాలిలోకి వదిలింది సయనోబాక్టీరియాయే. మన జిల్లాలో యురేనియం గనిని తలచుకున్నప్పుడు ఎవరికీ గుర్తురాని జీవులివి.

వేంపల్లె తర్వాత దిబ్బలు కట్టే గుత్త చాలామంది చేతులు మారింది. సుమారు 52 కోట్ల ఏళ్ల కింద ఆర్కియోసయాత్‌లనే స్పంజిక జాతి జీవులు పుట్టి, కొంతకాలం వెలిగి, పోయాయి. తర్వాత టాబ్యులేట్, రుగోజ్ అనే పాత పగడాలు, సున్నం పేర్చే స్పంజికలతో కలిసి ఇరవై కోట్ల ఏళ్లు ఏలాయి. ఆ పాత పగడాల మీద ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. డెవోనియన్ కాలపు పగడాల మీద ఉండే సన్నటి గీతలను జాన్ వెల్స్ 1963లో లెక్కపెట్టాడు. రోజుకో గీత చొప్పున ఏడాదికి దాదాపు 400 గీతలు తేలాయి. చంద్రుడి ఆకర్షణ భూమి తిరుగుడును మెల్లగా తగ్గిస్తోందనీ, ఒకప్పుడు రోజు చిన్నదిగా ఉండేదనీ ఖగోళ శాస్త్రజ్ఞులు గణితంతో చెప్పినదానికి పగడం రాతపూర్వకంగా సాక్ష్యం పలికింది.

25.2 కోట్ల ఏళ్ల కింద సైబీరియా అగ్నిపర్వతాలు ఎగజిమ్మిన వాయువులతో సముద్రాలు వేడెక్కి, ఆమ్లత్వం పెరిగి, ఆక్సిజన్ తగ్గిపోయింది. భూచరిత్రలోకెల్లా పెద్ద వినాశనం అదే. టాబ్యులేట్లు, రుగోజ్‌లు ఒక్కటీ మిగల్లేదు. ఆ తర్వాత కోటి ఏళ్లకు పైగా శిలల్లో పగడపు అస్థిపంజరం జాడే లేదు. ఆ ఖాళీలో సముద్రం అడుగున మళ్లీ సూక్ష్మజీవుల చాపలు పరుచుకుని సున్నపు గుట్టలు కట్టాయి. మేసేవాళ్లూ పోటీపడేవాళ్లూ లేకపోయేసరికి వేంపల్లె కాలపు పద్ధతి కొన్నాళ్లు తిరిగివచ్చింది.

దాదాపు 24 కోట్ల ఏళ్ల కింద నేటి రాతి పగడాలు శిలల్లో ప్రత్యక్షమవుతాయి. చిక్కేమిటంటే అవి ఒకటో రెండో రూపాల్లో రాలేదు, వచ్చీ రావడమే రకరకాలుగా వచ్చాయి. ఇన్ని రకాలు ఒక్కసారిగా ఎలా ఊడిపడ్డాయి? పాత రుగోజ్‌ల వారసులు అనుకుందామంటే వాటి అస్థిపంజరం కాల్సైట్, గోడలు పేర్చే పద్ధతి కూడా వేరు.

ఇక్కడ జన్యువులు సాక్ష్యానికి వచ్చాయి. 1996లో రొమానో, పలుంబి మైటోకాండ్రియాలోని ఒక జన్యువును పోల్చి చూస్తే, రాతి పగడాలు రెండు పెద్ద శాఖలుగా చీలాయి. అస్థిపంజరం ఆకారం చూసి మ్యూజియంలలో వందేళ్లుగా చేసిన వర్గీకరణతో ఈ చీలిక చాలాచోట్ల కుదరలేదు. కొమ్మలుగా పెరగడం, బండలా పెరగడం, పళ్లెంలా పరుచుకోవడం వేర్వేరు వంశాల్లో మళ్లీమళ్లీ విడివిడిగా పుట్టిన పోకడలని తేలింది. అలల ఒత్తిడి, వెలుతురు ఒకేలా ఉంటే చుట్టరికం లేనివాళ్లు కూడా ఒకే పోలికకు వస్తారు. తర్వాత 2011లో స్టోలార్స్కీ బృందం లోతు సముద్రపు చీకట్లో, దిబ్బలు కట్టే పగడాల కణాల్లో ఉండే శైవలాల తోడు లేకుండా బతికే పగడాల జన్యువులను కలిపి చూసింది. వాటిలో రెండు కుటుంబాలు ఈ రెండు శాఖలకన్నా ముందే విడిపోయాయి. జన్యు మార్పుల వేగాన్ని బట్టి లెక్కకడితే మూలం 42 కోట్ల ఏళ్ల వెనక్కి పోయింది. స్కాట్లండ్‌లో అంతకన్నా పాత రాళ్లలో దొరికిన కిల్బుకోఫిలియా అనే శిలాజం స్క్లెరాక్టీనియా పోలికలతోనే ఉండటం ఈ లెక్కకు బలమిచ్చింది.

మరి ఆ పద్దెనిమిది కోట్ల ఏళ్లూ వీళ్లు ఎక్కడున్నారు? 2007లో మఓజ్ ఫైన్, డాన్ చెర్నోవ్ చేసిన ప్రయోగం ఒక దారి చూపింది. రెండు జాతుల మధ్యధరా పగడాలను ఆమ్లత్వం పెంచిన నీళ్లలో ఉంచారు. అస్థిపంజరం కరిగిపోయింది. పాలిప్‌లు చావలేదు. దిగంబరంగా, మెత్తటి సముద్రపుష్పాల మాదిరిగా, ఏడాది పాటు హాయిగా బతికాయి. మామూలు నీళ్లలోకి తిరిగి మార్చగానే మళ్లీ సున్నం కట్టుకున్నాయి. వినాశనం నాటి సముద్రాలను కొన్ని పగడాలు ఇలాగే దాటి ఉండవచ్చు. ఒళ్లు మెత్తగా ఉన్నవాడు శిలల్లో పేరు రాసిపోడు.

సున్నం కట్టడానికి పగడం వాడే సరంజామా కూడా ఎప్పటిదో. కార్బన్ డై ఆక్సైడ్‌ను బైకార్బొనేటుగా మార్చే కార్బానిక్ అన్‌హైడ్రేస్ మన ఎర్ర రక్తకణాల్లో ఉన్న ఎంజైమే. కాల్షియాన్ని లోపలికి నెట్టి, హైడ్రోజన్ అయాన్లను బయటికి తోసే పంపు జంతు కణాల్లో సర్వసాధారణం. ఇల్లంతా పాత సామాను, వాడకం కొత్త. ఆమ్ల గుణం గల కొన్ని ప్రొటీన్లు మాత్రం పగడం తన సొంతానికి తీర్చిదిద్దుకుంది. స్ఫటికం ఎక్కడ మొదలవ్వాలో అవి నిర్ణయిస్తాయి. స్ట్రోమటోలైట్‌కూ పగడానికీ తేడా ఇక్కడే. అక్కడ సున్నం దానంతటది దిగేది. ఇక్కడ పాలిప్ పాదం కింద, మూసి ఉన్న సందులో, ఖర్చుపెట్టి దింపుకోవాలి.

ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? పగడపు కణాల్లో బతికే జూజాంథెల్లేలనే సూక్ష్మ శైవలాల నుంచి. ఇవి ఎండలో తయారుచేసే చక్కెరలో, కొవ్వులో అధిక భాగం ఇంటివాడికే పోతుంది. ఈ కాపురం డైనోసార్ల కాలం నుంచీ, సుమారు 16 కోట్ల ఏళ్లుగా సాగుతోందని 2018లో లాజ్యూనెస్ బృందం అంచనా వేసింది.

ఇప్పుడు ఆ శైవలం లోపలికి వెళ్దాం. అందులో వెలుగును పట్టే హరితరేణువు ఉంది. ఆ హరితరేణువు ఒకప్పుడు వేరే ఎర్రశైవలం. ఈ శైవలం పూర్వీకుడు దాన్ని మింగి, జీర్ణించుకోకుండా పనిలో పెట్టుకున్నాడు. ఆ ఎర్రశైవలపు హరితరేణువు అంతకు ముందు స్వేచ్ఛగా తిరిగిన సయనోబాక్టీరియా. అంటే వేంపల్లె దిబ్బలు కట్టినవారి వంశమే ఒకరి కడుపులో ఒకరు దూరుతూ చివరికి పగడంలో తేలింది. దారి ఎంత తిరుగుడైనా జన్యువు ముద్ర చెరగలేదు. వెలుగు పట్టే యంత్రంలో డీ1 అనే కీలక ప్రొటీన్‌ను తయారుచేసే పీఎస్‌బీఏ జన్యువు సయనోబాక్టీరియాలోనూ ఉంది, మన పొలాల్లోని వరి ఆకులోనూ ఉంది, పగడంలోని ఈ శైవలంలోనూ ఉంది. వరిలో హరితరేణువు జన్యువులన్నీ ఒకే ఉంగరం మీద ఉంటాయి. ఈ శైవలంలో ఆ ఉంగరం ముక్కలైపోయి, ఒక్కో చిన్న ఉంగరం మీద ఒక్కో జన్యువు చొప్పున మిగిలాయి. ఇంత విచిత్రమైన ఏర్పాటు జీవలోకంలో అరుదు.

పగడం జన్యురాశిని తొలిసారి పూర్తిగా చదివింది 2011లో ఒకినావా శాస్త్రజ్ఞులు, అక్రొపోరా డిజిటిఫెరా అనే కొమ్మ పగడంలో. సుమారు 23,700 జన్యువులు తేలాయి, మనిషికున్నంతకు మించే. ఒక లోటు కూడా తేలింది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తయారీకి జంతువులు వాడే ఒక ఎంజైమ్ జన్యువు అక్రొపోరాలో లేదు. శైవలం మీద ఇంతగా ఆధారపడిందా అని అందరూ ఆశ్చర్యపోయారు, పాఠాల్లో కూడా ఎక్కింది. పదకొండేళ్ల తర్వాత ఇంకో అక్రొపోరా జాతిలో వెతికితే, శిలీంధ్రాల్లో ఉండే వేరే దారి పగడంలోనూ ఉందని బయటపడింది. లోటు చూడగానే దాసోహం అనేసుకోవడం మన తొందర.

సముద్రం వేడెక్కినప్పుడు దెబ్బ మొదట తగిలేది శైవలంలో వెలుగు పట్టే ఆ పాత యంత్రం దగ్గరే. డీ1 ప్రొటీన్ ఎక్కువ వెలుగులో ఎప్పటికప్పుడు పాడవుతుంటుంది, కణం కొత్తది చేసి బిగిస్తుంటుంది. వేసవి గరిష్ఠానికి పైన ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాలు నిలిస్తే మరమ్మతు వెనకబడుతుంది. పట్టుకున్న వెలుగు దారి తప్పి, కణాన్ని కాల్చే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. పగడం ఆ శైవలాన్ని వెళ్లగొడుతుంది. రంగు పోయి తెల్లబడుతుంది. మన్నార్‌లో 2010లోనూ 2016లోనూ ఇదే జరిగింది. నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబాటు జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది.

పగడాలన్నీ ఒకేలా చావవు. ఇక్కడే పరిణామానికి ముడిసరుకు ఉంది, దాన్ని కలగలిపేది సంతానోత్పత్తి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో వసంతం చివర పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో 32 జాతులు ఒకేసారి అండాలూ శుక్రకణాలూ నీళ్లలోకి వదులుతాయని 1984లో ప్రకటించారు. వెన్నెలను పసిగట్టే క్రిప్టోక్రోమ్ జన్యువులు అక్రొపోరాలో 2007లో దొరికాయి. ఇంతమంది ఒకే రాత్రి ఒకే నీళ్లలో కలిస్తే జాతుల హద్దులు ఎంతవరకు నిలుస్తాయి? కరీబియన్‌లో ప్రత్యేక జాతిగా పేరు పెట్టుకున్న అక్రొపోరా ప్రొలిఫెరా నిజానికి రెండు వేరే జాతుల సంకరమని 2002లో తేలింది. పగడాల వంశవృక్షం కొమ్మలు విడిపోయి మళ్లీ అతుక్కుంటాయి. వడ్లకూ పశువులకూ వంశావళి రాసే పద్ధతితో దీన్ని రాస్తే తప్పుతుంది.

ఈ కలయికే ఇప్పుడు పనికొస్తోంది. 2015లో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరపు వేడి నీళ్ల తల్లులకూ, దక్షిణపు చల్లటి నీళ్ల తండ్రులకూ పుట్టిన పిల్లలను వేడిలో పరీక్షించారు. తల్లిదండ్రులిద్దరూ చల్లటి నీళ్లవాళ్లైన పిల్లలకన్నా వీటికి బతికే అవకాశం చాలా ఎక్కువగా కనిపించింది. తల్లి వైపు వాటా పెద్దది. అండంతో పాటు మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది మరి. మెడలిన్ వాన్ ఒప్పెన్ బృందం రెండో వైపు నుంచి, అంటే శైవలం వైపు నుంచి ప్రయత్నించింది. ఒకే కణం సంతతి అయిన పది శైవల వరసలను ప్రయోగశాలలో 31 డిగ్రీల నీళ్లలో నాలుగేళ్లు పెంచి, 2020లో వాటిని పగడపు పిల్లల్లో ప్రవేశపెట్టారు. గాజు సీసాలో పదీ వేడికి ఆగాయి. పగడంలోకి వెళ్లాక ఇంటివాణ్ణి కూడా కాపాడగలిగినవి మూడే. ఆ మూడింట్లోనూ కార్బన్‌ను స్థిరపరిచే జన్యువులు వేడి తగలకముందు నుంచే గట్టిగా పనిచేస్తున్నాయి.